గులాబి కొమ్ము

బళ్లారి పక్క సిరిగేరిలో నారప ఇంటిని ఎవరూ నారప ఇల్లు అనరు, కొమ్మిల్లు అంటారు. ఆ ఇంటి దేవుడి గూట్లో ఒక చిన్న టేకు పెట్టె, పెట్టెలో పసుపు గుడ్డ, గుడ్డలో ఖడ్గమృగం కొమ్ము. నారప ముత్తాతను మెచ్చుకుని ఎవరో పాళెగాడు ఇచ్చాడని ఆ ఇంటివాళ్లు చెప్పుకుంటారు. చెప్పుకునేది వాళ్లే కాబట్టి అందులో నిజమెంత అని అడగకపోవడమే మర్యాద.

చుట్టుపట్ల ఏ ఊళ్లోనైనా ఆడమనిషికి కాన్పు కష్టమైతే ఆ ఇంటి మగవాడు పరుగున కొమ్మింటికి వస్తాడు. సానరాయి మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి, కొమ్మును గంధపు చెక్కలా అరగదీసి, ఆ నీళ్లు చెంబులో పోసి ఇస్తారు. ఏమీ పుచ్చుకోరు. లేదని ఎవరినీ తిప్పి పంపరు. కాకపోతే దానికి కట్టుబాట్లున్నాయి. కొమ్ము నీళ్లు గొంతు దిగేదాకా నొప్పులు పడే మనిషిని తన ఇంటి గడప దాటించకూడదు. పెట్టె తాళంచెవి కొమ్మింటి మగవాడి మొలతాడుకే ఉండాలి. ఇవి ఎవరు పెట్టారో గానీ, పెట్టినవాడు కాన్పు గది వైపు ఎన్నడూ తొంగిచూడని మగవాడే అయి ఉంటాడు.

నారప చిన్నతనంలో ఆ కొమ్ము పిడికెడు ఉండేది. ఆయనకు యాభై దాటేసరికి అరిగి అరిగి పోకచెక్కంత మిగిలింది. సరిగ్గా ఆ ఏడే, అంటే పందొమ్మిది వందల అరవై రెండులో, ఒక్కగానొక్క కూతురు యశోద తొలికాన్పుకు ఆలూరు నుంచి పుట్టింటికి వచ్చింది. నారప భార్య పోయి చాలా ఏళ్లయింది. ఇంటికి పెద్దదిక్కు ఆయన తల్లి రామలక్ష్మమ్మ. కొమ్ము అరగదీసే పని ఆమెదే. ఒకరోజు ఆమె ఆ ముక్కను అరచేతిలో పెట్టి కొడుక్కి చూపించింది.

"ఇంగొకరిద్దరికి వస్తాదో రాదో నారపా. ఊరందరికీ అరగదీసిస్తిమి. మన పాప పొద్దుకు లేకుండా పోతే నేను యాడికి పోయేది?"

ఆ మాట నారప గుండెలో ముల్లులా దిగబడింది. కూతురి ప్రాణం ఒకవైపు, ఇంటి పేరు ఇంకోవైపు. కొమ్ము లేని కొమ్మింటికి ఎవరొస్తారు?

ఆయనకు ఒక లారీ ఉంది. తుంగభద్ర కాలువ వచ్చాక జొన్నచేలన్నీ వరిమళ్లు కావడంతో, వడ్లు తోలడానికి కొన్నాడు. తనే నడుపుతాడు. వడ్లు దించి బళ్లారి కౌల్ బజార్‌లో మోకులు కొనబోయిన రోజు, దుకాణం సాహెబు మాటల్లో మాటగా ఒక సంగతి చెప్పాడు. మైదానంలో సర్కస్ దిగింది, అందులో ఆఫ్రికా నుంచి తెచ్చిన గేండామృగం, అదే ఖడ్గమృగం, ఉంది, దానికి ఒకటి కాదు రెండు కొమ్ములు! నారప మోకులు అక్కడే వదిలేసి మైదానానికి నడిచాడు. ఎవరి దగ్గరా పని అడిగి ఎరగని మనిషి, సర్కస్ మేనేజరు ముందు నిలబడి, మీ జంతువులకు కాలువ గట్టు పచ్చగడ్డి నా లారీలో తెచ్చి వేస్తానన్నాడు. మేనేజరు సంతోషించాడు. నారప కళ్లు గడ్డి మీద లేవని ఆయనకేం తెలుసు?

ఖడ్గమృగాన్ని చూసి నారప కొంచెం నిరుత్సాహపడ్డాడు. నల్ల ఖడ్గమృగమని బోర్డు రాశారు గానీ అది నల్లగా లేదు, ఎండిన చెరువు మట్టి రంగులో ఉంది. ఒళ్లంతా బోడి. ముక్కు మీద మూరెడు కొమ్ము, దాని వెనక ఇంకో పొట్టి కొమ్ము. సర్కస్ వాళ్లు దానికి గులాబి అని పేరు పెట్టారు. పేరు పెట్టినవాడికి ఏ రంగు కళ్లద్దాలున్నాయో మరి. ఇనుప కటకటాల వెనక అది తల వాల్చి నిలబడి ఉంది. పక్కటెముకలు లెక్కపెట్టేటట్టుగా కనబడుతున్నాయి. ముందు గడ్డి కుప్ప వేసింది వేసినట్టే ఉంది.

నారప తెచ్చిన గడ్డికీ అదే గతి పట్టింది. సిరిగేరి ఎద్దులు ఎగబడి తినే గడ్డిని గులాబి వాసన చూసి ముఖం తిప్పుకుంది. నారపకు చిన్నతనమైపోయింది. మర్నాడు మేనేజరు పశువుల డాక్టరును పిలిపించాడు. హంపన్న అని, బళ్లారి సర్కారు పశువైద్యశాలలో డాక్టరు. నవ్వడు, కోపగించుకోడు. ఎవరి గొడ్డు చచ్చినా బతికినా ఒకే గొంతుతో చెబుతాడు. ఆయన కటకటాల దగ్గర చాలాసేపు నిలబడి చూసి, వెనక్కి తిరిగాడు.

"గడ్డి తెచ్చేది నువ్వేనా అప్పా?"

"హౌదు సార్. కాలువ గట్టు గడ్డి. మా ఎద్దులైతే దీని కోసం కొట్లాడతాయి."

"ఎద్దులకే పెట్టుకో. ఇది ఎద్దు కాదు. దాని పైపెదవి చూడు. చిలక ముక్కు మాదిరి కిందికి వంగిండాది గదా. గడ్డి మేసే గేండాకైతే మూతి వెడల్పుగా, చదునుగా ఉంటాది. ఇది కొమ్మ వంచి ఆకు తుంచే పెదవి. దీనికి గడ్డి బేడ, కంప కావల్ల. ముండ్లుంటే ఇంకా మేలు."

"ముండ్లా?"

"జాలి కంప, నల్లతుమ్మ. మీ కడ లేదా ఏంది?"

నారపకు నవ్వొచ్చింది. నల్లతుమ్మకు ఆ సీమలో కరువు ఎప్పుడొచ్చింది? కరువు వచ్చినప్పుడు కూడా అదొక్కటే మిగులుతుంది. సాయంత్రానికల్లా లారీ నిండా ముండ్లకంప నరికించి తెచ్చాడు. దారి పొడవునా జనం ముక్కున వేలేసుకున్నారు. కొమ్మింటి నారపకు మతి పోయిందని, బళ్లారిలో కంచెలు కట్టే పనికి కుదిరాడని తలా ఒక మాట అన్నారు.

గులాబి తల ఎత్తింది. దానికి చూపు తక్కువ. పది బారల దూరంలో మనిషున్నాడో మొద్దున్నాడో పోల్చుకోలేదు. కానీ ముక్కు మాత్రం గట్టిది. కంప దింపకముందే గాలిని రెండుసార్లు పీల్చి, కటకటాల దాకా వచ్చింది. ఆ పెదవి చివర వేలిలా మడతపడి కొమ్మను చుట్టి లోపలికి లాక్కుంది. కరకరా నమిలింది. వేలెడు ముల్లు కూడా మురుకులా పొడైపోయింది. కొరికిన చోట పుల్ల కొడవలితో ఏటవాలుగా కోసినట్టు నున్నగా ఉంది. నారప నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. తన చేతి మేత ఒక ప్రాణి తింటుంటే రైతుకు కలిగే తృప్తి ఉంది చూశారూ, అది కొమ్ము కోసం వచ్చినవాణ్ని కూడా వదల్లేదు.

ఆ తర్వాత వడ్లు తోలే పని వెనకబడింది. లారీ కంపకే కుదిరింది. గులాబి ఆయన వాసన పట్టింది. ఆయన అల్లంత దూరంలో ఉండగానే చెవులు రెండూ ఆయన వైపు తిప్పి, చిన్నగా బుస కొట్టేది. పక్కటెముకలు మెల్లగా కండలో దాక్కున్నాయి.

ఒకరోజు పొద్దున ఆయన వెళ్లేసరికి హంపన్న చేతిలో చిన్న రంపంతో ఉన్నాడు. గులాబి కటకటాలకు రాసుకుని రాసుకుని ముందు కొమ్ము కొస చీలి వేలాడుతోంది. అది ఇంకా చీలకముందే కోసేయాలి. నారప కంప అందిస్తూ ఉంటే, అది తింటూ ఉంటే, హంపన్న కోశాడు. గులాబి కన్ను కూడా ఆర్పలేదు. రక్తం చుక్క రాలేదు. బొటనవేలంత ముక్క నేల మీద పడింది.

నారప దాన్ని తీసి కళ్లకద్దుకున్నాడు. "సార్, ఇది నాకు ఇప్పిస్తారా? మాది కొమ్మిల్లు." అంటూ సంగతంతా చెప్పుకొచ్చాడు. హంపన్న రంపం తుడుచుకుంటూ విన్నాడు.

"తీసుకో. కానీ అదేందో తెలిసి తీసుకో. అది ఎముక కాదు. లోపల పుర్రెకు అతుక్కొని లేదు, చర్మం మీద నుంచి మొలిచింది. వెంట్రుకా గోరూ యా సరుకో ఇదీ అదే సరుకు. కోస్తే నొప్పి లేదు, మళ్లా పెరుగుతాది. నీ కాలిగోరు అరగదీసి తాపినా అదే గుణం."

నారప ముఖం ఎర్రబడింది. "మా తాతముత్తాతల నుంచి తాపుతాండారు సార్. ఎంతమందో బతికినారు."

"బతికేవాళ్లు బతుకుతారు," అన్నాడు హంపన్న, వాన వచ్చేటట్టుంది అన్నంత మామూలుగా. "పోయినోళ్ల సంగతి మీరు లెక్కలో పెట్టుకోరు. ఈ గోరు కోసరమే వీటి దేశంలో వీటిని చంపుతాండారు. మందుకని కొందరు, కత్తి పిడులకని కొందరు. కొన్ని తావుల్లో పొలాలు చేసుకునేదానికి అడివి కొట్టేటప్పుడు వందల్లో కాల్చి పారేసినారు. పోయినేడు అక్కడ కరువొచ్చి మేత లేక ఇంకా వందల్లో పడిపోయినాయి. ఇది ఈనేది ఒక్క పిల్లనే. పదిహేను నెలలు మోస్తాది. ఈనినాక రెండు మూడేండ్లు పిల్లను విడవదు, అంతదాకా ఇంకో సూలు లేదు. చంపేవానికి ఒక్క నిమిషం చాలు. ఇంత నిదానంగా పుట్టేది ఎట్ల మిగులుతాది చెప్పు? మన దేశంలో ఒంటికొమ్ము గేండా కూడా ఒకప్పుడు ఎంత దూరమో ఉండేది. ఇప్పుడు తూర్పున ఏదో మూల కొన్ని వందలు."

నారప గులాబి వైపు చూశాడు. అది ఇంకో కొమ్మను పెదవితో వెతుక్కుంటోంది. పదిహేను నెలలు. యశోద తొమ్మిది మోయడానికే ఆపసోపాలు పడుతోంది. ఆ పూట ఆయనకు ఇంటికి కదలబుద్ధి కాలేదు. ఒక పని అంటూ లేదు, ఊరికే అక్కడ కూర్చుని ఒక్కొక్క కొమ్మే అందిస్తూ, అది నమిలే చప్పుడు వింటూ గడిపాడు. పొద్దు వాలాక కొమ్ము ముక్కను తువ్వాలులో ముడివేసి లారీ ఎక్కాడు. గోరో, వెంట్రుకో, ముక్క మాత్రం దొరికింది. తల్లి ముఖం ఎలా వెలుగుతుందో తలచుకుంటూ వచ్చాడు.

ఇంటి ముందు అరుగు మీద తాయప్ప కూర్చుని ఉన్నాడు. కాలువ అవతలి కొట్టాలవాడు, నారప మళ్లలో కోతకొచ్చే మనిషి. పక్కన ఖాళీ చెంబు. లారీ చూడగానే లేచి పరుగెత్తుకొచ్చాడు.

"పొద్దున్నుంచి కూసోనుండా అప్పా. నా పెండ్లాం ఉచ్చెంగికి నిన్నటి నుంచి నొప్పులు. బండి కట్టి పెట్టినాం, బళ్లారి ఆసుపత్రికి పోదామని. కొమ్ము నీళ్లు పడితే గడప దాటిస్తామని మా అమ్మ కూసోనుండాది. అవ్వను అడిగితే తాళం నీ మొల్లో ఉండాదనె."

నారప చెయ్యి తనంతట అది మొలతాడు మీదికి పోయింది. తాళంచెవి అక్కడే ఉంది. దాన్ని బళ్లారికి మోసుకుపోయి, పగలంతా ఒక మృగం మేస్తుంటే చూస్తూ కూర్చున్నాడు! గబగబా లోపలికి వెళ్లి పెట్టె తీసే ఓపిక కూడా లేక, తువ్వాలు విప్పి కొత్త ముక్కనే తల్లి చేతికిచ్చాడు. ఆమె అరగదీసింది. నీళ్లు తెల్లగా చిక్కబడ్డాయి. ఆ కాసేపూ నారపకు హంపన్న మాటలు చెవిలో గింగురుమంటూనే ఉన్నాయి. తాయప్పను లారీలో ఎక్కించుకుని కొట్టాలకు తోలాడు.

వాళ్లు చేరేసరికి గుడిసె ముందు ఆడవాళ్లు ఏడుస్తున్నారు. కట్టిన బండి కట్టినట్టే ఉంది, ఎద్దులు నెమరు వేస్తున్నాయి. ఉచ్చెంగమ్మ పోయింది. బిడ్డ కడుపులోనే పోయింది.

తాయప్ప చెంబు నేల మీద పెట్టి, దాని పక్కనే కూలబడ్డాడు. చాలాసేపటికి నారపను చూసి, ఆయన్నే ఓదార్చేవాడిలా అన్నాడు. "నీళ్లు టైముకు అందలేదప్పా. అందింటే బతికేది. నీ తప్పేముండాది, నీకు తెలీదు గదా."

తిట్టి ఉంటే బాగుండేది. నీళ్లు అందక కాదు, నీళ్ల కోసం ఆగినందుకే ప్రాణం పోయిందని ఆ గుంపులో తెలిసింది నారప ఒక్కడికే. చెప్పడానికి నోరు రాలేదు. భయం వేసింది, సిగ్గు వేసింది. ఊరు మాత్రం ఆ చావుతో కొమ్మును ఇంకా గట్టిగా నమ్మింది. చూశారా, కొమ్ము నీళ్లు ఆలస్యమైతే ఏమవుతుందో అని అమ్మలక్కలు ఒకరికొకరు చెప్పుకున్నారు. నారప తాళంచెవి మొలతాడు నుంచి విప్పి తల్లి చేతిలో పెట్టాడు. ఆమె ఎందుకని అడగలేదు. పైటకొంగుకు ముడేసుకుంది.

యశోదకు నొప్పులు మొదలైంది ఒక తెల్లవారుజామున. ఈసారి ఏ లోటూ లేదు. మంత్రసాని యల్లమ్మ వచ్చింది, కొత్త కొమ్ము ఉంది, అరగదీసే చెయ్యి ఉంది. సూర్యుడు నడినెత్తికి వచ్చినా బిడ్డ మాత్రం రాలేదు. కొమ్ము నీళ్లు తాగించారు. మళ్లీ తాగించారు. యల్లమ్మ బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ, బిడ్డ అడ్డం తిరిగిందని మెల్లగా చెప్పింది. లోపలి నుంచి యశోద, "నాయనా," అని ఒక్కసారి పిలిచింది. ఆ గొంతు విన్నాక నారప ఇక ఆగలేదు. లారీలో వరిగడ్డి మందంగా పరిచి, దుప్పట్లు వేశాడు. రామలక్ష్మమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏం చేస్తాండావు నారపా? నీళ్లు పడి ఇంకా పొద్దు వాలలేదు. కొమ్ముకు పని చేసే టైమియ్యల్ల. కొమ్మింటి పాపనే ఆసుపత్రికి ఎత్తుకపోతే రేపు మన గడప ఎవరు తొక్కుతారు?"

"ఎవరూ తొక్కబళ్లేదు. అమ్మా, తప్పుకో."

"నారపా!"

"తాయప్ప గుడిసె ముందు ఎద్దులు కట్టిన బండి చూసొచ్చినా నేను. అట్లాంటిది మన వాకిట్లో చూడలేను. తప్పుకోమ్మా."

పుట్టి బుద్ధెరిగాక తల్లిని అలా గద్దించింది అదే మొదలు. ఆమె కొడుకు ముఖంలోకి చూసి, పక్కకు జరిగింది. యశోదను ఎత్తి లారీలో పడుకోబెట్టేలోగా ముసలావిడ లోపలికి పోయి సానరాయి ఒక చేత, కొమ్ము ఒక చేత పట్టుకొచ్చి, తనను కూడా ఎక్కించమంది. దారి పొడవునా ఆ కుదుపుల్లోనే అరగదీసి, వేలితో మనవరాలి నాలుకకు రాస్తూ వచ్చింది. నారప అడ్డు చెప్పలేదు. గోరు అరగదీసిన నీళ్లు ఎవరికీ కీడు చేయవు, లారీ కదులుతున్నంతసేపు.

బళ్లారి పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు. నర్సు ఆ మాట చెప్పినప్పుడు నారప అక్కడే గోడకు ఆనుకుని ఏడ్చేశాడు. సంతోషానికే ఏడ్చాడు, కానీ కళ్ల ముందు కనబడింది మాత్రం తాయప్ప చెంబు.

సాయంత్రం మైదానం వైపు నడిచాడు. గులాబికి చెబుదామనో ఏమో. సర్కస్ లేచిపోయింది. గుంటకల్లు రైలుకు ఎక్కించారని ఎవరో అన్నారు. గుంజలు పాతిన గుంతలు, కటకటాలున్న చోట ఎండిన పేడ మిగిలాయి. ఆ పేడ నిండా ఏటవాలుగా తెగిన తుమ్మ పుల్లలు, తను నరికి తెచ్చినవే. నారప ఒక పుల్ల తీసి చూసి మళ్లీ అక్కడే వేశాడు. ఆ కొమ్ము మళ్లీ పెరుగుతూ ఉంటుంది. పెరిగిన కొద్దీ దానికి ఎవరి కన్ను తగులుతుందో. తనూ అందుకే కదా వచ్చింది. దానికి తోడుగా ఆ సర్కస్‌లో మగది ఒకటైనా లేదు. ఇక అది ఈనబోదు. ఆ సంగతి అంతకుముందు ఆయనకు తట్టనే లేదు.

ఊరికి తిరిగొచ్చాక నిజం చెప్పేయాలని నారప మనసులో మాటలు కూడా కూర్చుకున్నాడు. ఆయన నోరు తెరిచేలోగా రామలక్ష్మమ్మ అరుగు మీద కూర్చుని తీర్పు చెప్పేసింది.

"ఇది పాత కొమ్ము కాదు. బళ్లారిలో దొరికింది, బళ్లారి దారిలోనే పని చేస్తాది. నా మనవరాలి కాడ కండ్లారా చూసినా. ఇంట్లో తాపితే దిగలేదు, లారీలో తాపితే దిగింది. ఇంగ మీదట కొమ్ము లారీలోనే ఉంటాది. కావల్సినోళ్లు మనిషిని తెచ్చి లారీ ఎక్కించల్ల, అంతే."

అందరూ తలలూపారు. నారప తెరిచిన నోరు మూసుకున్నాడు. అబద్ధమే, కానీ ఎద్దులబండి కన్నా వేగంగా పోయే అబద్ధం. సానరాయి, కొమ్ము లారీ సీటు కింద చేరాయి. అరగదీయడానికి దారిలో ఎక్కువ తీరిక ఉండదు కాబట్టి అది అరగడమూ తగ్గింది.

వరికోతలప్పుడు ఒక మధ్యాహ్నం తాయప్ప మళ్లీ వచ్చాడు, తమ్ముడి పెళ్లానికి నొప్పులని. ఈసారి చెంబు తేలేదు. మనిషినే బండిలో కాలువ గట్టు దాకా తెచ్చారు. ఆమెను, తోడుగా ఇద్దరు ఆడవాళ్లను వెనక గడ్డి మీద ఎక్కించి, తాయప్ప ముందు సీట్లో నారప పక్కన కూర్చున్నాడు. సీటు కింద సానరాయి గతుకు గతుకుకీ లడలడమంటోంది. తాయప్ప ఆ చప్పుడు వింటూ ఉండి, ఉన్నట్టుండి అడిగాడు.

"ఆ పొద్దు కూడా కొమ్ము లారీలోనే ఉండె గదప్పా, నీ తువ్వాల్లో."

"ఉండె."

"మేము బండి కట్టి పెట్టుకున్నాం. నీళ్ల కోసరం ఆగకుండా పొద్దున్నే బళ్లారికి తోలుకోని పోయింటే, నా ఉచ్చెంగి బతికేదా?"

నారప దారి మీద నుంచి చూపు తిప్పలేదు. కొత్త కొమ్మని, పాత కొమ్మని, బళ్లారి దారని తల్లి అల్లిన మాటలన్నీ నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. ఏదో ఒకటి అంటే సరిపోయేది. కానీ అడిగినవాడు తాయప్ప.

"బతికేదేమో తాయప్పా," అన్నాడు. "కొమ్ములో ఏమీ లేదు. అది గోరు."

తాయప్ప ఆయన వైపు చూశాడు. వెనక నుంచి ఆడమనిషి కేక వినబడింది. సానరాయి కోసమని తాయప్ప వంగబోయాడు, సగం వంగి ఆగి, మళ్లీ నిటారుగా కూర్చున్నాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"బిరీన తోలప్పా," అన్నాడు.